టూంబ్‌స్టోన్ వార్నింగులు: అపోహలు - వాస్తవాలు

పలాస జీడిపప్పు వ్యాపారుల ఆర్డర్ల యాప్ ఒకటి కసాండ్రా అనే డేటాబేస్ మీద నడుస్తోంది. శ్రీకాకుళంలో కూర్చుని దాన్ని చూసుకునేది మేమే. కొత్తగా చేరిన ప్రతి కుర్రాడూ లాగ్‌లో టూంబ్‌స్టోన్ వార్నింగ్ చూసి అడిగేవి ఇవే.

అపోహ: వార్నింగ్ వచ్చిందంటే డేటా పోయినట్టే.
వాస్తవం: ఏమీ పోలేదు. ఇక్కడ డిలీట్ అంటే చిట్టాలో పద్దు మీద అడ్డంగా గీత కొట్టడమే. ఆ గీత పేరే టూంబ్‌స్టోన్. పద్దు వెంటనే చెరిగిపోదు. ఒక క్వెరీ దారిలో అలాంటి గీతలు 1,000 దాటితే వార్నింగ్, 1,00,000 దాటితే క్వెరీ ఫెయిల్. డిఫాల్ట్ లెక్కలివి. పరిమితి పెంచితే లాగ్ శుభ్రంగా కనిపిస్తుంది, అంతే.

అపోహ: మేం డిలీటే కొట్టలేదు.
వాస్తవం: కొట్టే ఉంటారు, తెలీకుండా. లారీ రసీదు నంబరు గడి ఖాళీగా వదిలితే యాప్ అక్కడ నల్ (ఖాళీ విలువ) రాస్తుంది. అదీ టూంబ్‌స్టోనే. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్‌లో, అంటే ముందే సిద్ధం చేసుకున్న క్వెరీలో, ఆ విలువను ఏమీ రాయకుండా అన్‌సెట్‌గా వదిలేస్తే గొడవే లేదు. టీటీఎల్ (డేటాకి ముందే పెట్టిన ఆయుష్షు) తీరినవీ, లిస్టు మొత్తాన్ని తిరగరాసినవీ ఇదే జాబితా.

అపోహ: జీసీ గ్రేస్ సున్నా చేస్తే పీడా పోతుంది.
వాస్తవం: దీనికి మాత్రం నేను ససేమిరా ఒప్పుకోను. జీసీ గ్రేస్ అంటే గీతల్ని చెరిపేముందు ఆగే గడువు. డిఫాల్ట్ 8,64,000 సెకన్లు, అంటే 10 రోజులు. పడిపోయిన నోడ్ (డేటా ఉంచే సర్వర్లలో ఒకటి) లేచి, డిలీట్ కబురు అందుకోడానికి ఇచ్చిన గడువది. దాని కోసం మిగతా నోడ్లు దాచిపెట్టే కబుర్లే హింట్లు, డిఫాల్ట్‌గా 3 గంటల వరకే దాస్తాయి. ఆపైన రిపేరే (నోడ్లలోని కాపీలు పోల్చి సరిచేయడం) గతి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొట్టినప్పుడు ఉద్దానంలో కరెంటు ఎన్నాళ్లకొచ్చిందో మనవాళ్లకి చెప్పక్కర్లేదు. అన్నాళ్లు ఆగిన నోడ్ గడువు దాటాక లేస్తే, పంపేసిన ఆర్డరు మళ్లీ పెండింగ్‌లో ప్రత్యక్షమవుతుంది. టిన్నులు రెండోసారి లారీ ఎక్కుతాయి.

అపోహ: నోడ్‌టూల్ కంపాక్ట్ కొడితే సరి.
వాస్తవం: ఈ కమాండ్ డేటా ఫైళ్లని కలిపేస్తుంది (కంపాక్షన్), కానీ గడువు తీరని గీతలు కదలవు. పైగా ఇంచుమించు ఒకే సైజు ఫైళ్లని కలిపే సైజ్ టియర్డ్ పద్ధతిలో ఒకే పెద్ద ఫైలు తయారై, దానికి జోడీ దొరక్క చాన్నాళ్లు కంపాక్షన్‌కే రాదు.

అసలు జబ్బు టేబుల్‌లో ఉంటుంది. పెండింగ్ ఆర్డర్లన్నీ ఒకే పార్టిషన్‌లో (ఒకే కీ కింద ఉండే వరుసల గుంపు), పంపగానే డిలీట్. "అన్నిటికంటే పాతది ఇవ్వు" అని అడిగిన ప్రతిసారీ మొదటి నుంచి గీతలన్నీ దాటుకుంటూ పోవాలి. ఒక్క బతికున్న రో కోసం వేల సెల్స్. మేం పార్టిషన్ కీలో తేదీ చేర్చాం. క్వెరీలో కూడా, చివరగా పంపిన ఆర్డరు సమయం తర్వాతవే అడుగుతున్నాం.