వెబ్‌సైట్ యాక్సెసిబిలిటీ: మీటింగుల్లో నేను వినే అపోహలు, అసలు వాస్తవాలు

వెబ్‌సైట్లు దివ్యాంగులకు పనికొస్తున్నాయో లేదో టెస్ట్ చేయడం నా పని. ఏ ప్రాజెక్టుకి వెళ్లినా మొదటి మీటింగులో దాదాపు ఇవే మాటలు వినిపిస్తాయి కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నా.

అపోహ: "మా సైట్‌కి చూపు లేనివాళ్లు రారండీ."

వస్తున్నారు, పని జరగక వెళ్లిపోతున్నారు. మామూలు అనలిటిక్స్‌లో (సైట్‌కి వచ్చేవాళ్ల లెక్కలు చూపే రిపోర్టుల్లో) స్క్రీన్ రీడర్, అంటే తెర మీద ఉన్నది పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, వాడేవాళ్లు విడిగా కనపడరు, అందుకే మీకు తెలియడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం సుమారు 130 కోట్ల మంది, అంటే ఆరుగురిలో ఒకరు, చెప్పుకోదగ్గ వైకల్యంతో బతుకుతున్నారు. వీళ్లలో చూపు లేనివాళ్లు ఒక భాగమే. చేతులు వణకడం వల్ల మౌస్ కుదురుగా పట్టుకోలేనివాళ్లు, వీడియోలో మాట వినపడనివాళ్లు, గబగబా చదివి అర్థం చేసుకోలేనివాళ్లు కూడా మీ సైట్ తెరుస్తారు.

అపోహ: "టూల్‌తో చెక్ చేశాం, వందకి వంద వచ్చింది."

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఈ మాటే. ఫొటోకి ఆల్ట్ టెక్స్ట్ (ఫొటోలో ఏముందో మాటల్లో చెప్పే వివరణ) ఉందో లేదో, పేజీని ఆటోమేటిక్‌గా చెక్ చేసే ఆ టూల్ చెప్తుంది. అందులో రాసింది ఆ ఫొటో గురించేనా అన్నది మనిషే చూడాలి.

ఒకసారి ఇలాగే ఫుల్ స్కోరు వచ్చిన ఒక షాపింగ్ సైట్‌ని, పుట్టుకతోనే చూపు లేని ఒక టెస్టర్ పక్కన కూర్చుని చూశాను. కార్ట్‌లో మూడు వస్తువులున్నాయి. ఆయన ట్యాబ్ నొక్కుతుంటే స్క్రీన్ రీడర్ "తీసివేయి, బటన్... తీసివేయి, బటన్... తీసివేయి, బటన్" అంటూ పోయింది. ఏ బటన్ నొక్కితే ఏది పోతుందో తెలిసే దారే లేదు. బటన్‌కి పేరంటూ ఉంది కాబట్టి టూల్ పాస్ చేసేసింది. తర్వాత అడ్రస్ నింపి సబ్మిట్ నొక్కారు. పేజీ పైన ఎర్రటి అక్షరాల్లో "పిన్ కోడ్ తప్పు" అని వచ్చింది, నాకు కనిపించింది, స్క్రీన్ రీడర్ మాత్రం ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆయన కాసేపు ఆగి, "అయిపోయినట్టేనా అండీ?" అని నన్ను అడిగారు. ఆ ప్రశ్న ఇప్పటికీ చెవిలోనే ఉంది. బటన్ పేరులో వస్తువు పేరు కూడా చేర్చడం, తప్పు వచ్చినప్పుడు ఫోకస్‌ని (అంటే పేజీలో కీబోర్డ్ ప్రస్తుతం ఉన్న చోటుని) తప్పు పడిన బాక్స్ దగ్గరికే తీసుకెళ్లి అక్కడే మెసేజ్ చదివించడం... రెండూ కలిపి ఒక డెవలపర్‌కి పూట పని అయింది.

అపోహ: "ఒక ప్లగిన్ తగిలిస్తే సరిపోతుంది కదా."

సరిపోదు. ప్లగిన్ మీ సైట్ మీద పెట్టే, అక్షరాలు పెద్దవి చేసే ఆ బొమ్మ బటన్ కింద, మీ కోడ్ ఎలా ఉందో అలాగే ఉంటుంది. వాడేవాళ్ల దగ్గర వాళ్లకు అలవాటైన స్క్రీన్ రీడర్ ఉండనే ఉంది, కొన్ని ప్లగిన్లు దానికే అడ్డుపడతాయి.

అపోహ: "యాక్సెసిబుల్‌గా చేస్తే డిజైన్ పాడైపోతుంది."

డబ్ల్యూసీఏజీ అనే అంతర్జాతీయ వెబ్ యాక్సెసిబిలిటీ గైడ్‌లైన్లలో మధ్య స్థాయి అయిన ఏఏ ప్రకారం, మామూలు సైజు అక్షరాలకీ బ్యాక్‌గ్రౌండ్‌కీ మధ్య కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కనీసం 4.5:1 ఉండాలి. తెలుపు మీద డిజైనర్లు ఇష్టంగా వాడే #999999 గ్రే 2.8 దగ్గరే ఆగిపోతుంది. #767676కి మార్చండి, 4.5 దాటుతుంది. చూడ్డానికి అదీ గ్రేనే, పేజీ అందం ఎక్కడికీ పోదు. ఫోకస్ చుట్టూ వచ్చే గీత బాలేదని సీఎస్ఎస్‌లో (పేజీ రూపాన్ని నిర్ణయించే కోడ్‌లో) తీసేస్తుంటారు, దయచేసి ఆ పని చేయకండి, కీబోర్డ్‌తో తిరిగేవాళ్లకు తామెక్కడున్నామో చెప్పేది అదొక్కటే. నచ్చకపోతే మీ బ్రాండ్ రంగులో ఇంకో గీత గీయండి.

అపోహ: "డివ్‌కి క్లిక్ పెట్టినా బటన్‌లాగే పనిచేస్తుంది."

మౌస్‌తో మాత్రమే. డివ్ అంటే పేజీ కోడ్‌లో ఒక మామూలు డబ్బా, బటన్ లక్షణాలేవీ దానికి వాటంతట అవే రావు. అసలైన బటన్ ట్యాగ్ వాడితే ట్యాబ్‌కి అందుతుంది, ఎంటర్‌కీ స్పేస్‌కీ పలుకుతుంది, "బటన్" అని స్క్రీన్ రీడర్ చెప్తుంది. డివ్‌తో ఇవన్నీ మీరే చేతులారా రాసుకోవాలి, రాసినా ఏదో ఒకటి మర్చిపోతారు.

అపోహ: "టెస్ట్ చేయాలంటే ఖర్చెక్కువ."

విండోస్‌లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం. ఐఫోన్‌లో, మ్యాక్‌లో వాయిస్‌ఓవర్ అనే స్క్రీన్ రీడర్ ముందే ఉంటుంది, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో అలాంటిదే టాక్‌బ్యాక్ ఉంటుంది. దివ్యాంగులతో టెస్ట్ చేయించి వాళ్ల టైముకి డబ్బులివ్వడం తప్పకుండా చేయాలి, కానీ అప్పటిదాకా ఆగక్కర్లేదు. ఈరోజే మౌస్ పక్కన పెట్టి, ట్యాబ్, ఎంటర్, స్పేస్, బాణం కీలతో మీ లాగిన్ పేజీ దాటి చూడండి. ఫోకస్ ఎక్కడ మాయమైందో, ఎక్కడ ఇరుక్కుపోయిందో రాసుకోండి, ఆ కాగితాన్నే రేపు మీ టీమ్‌కి ఇవ్వండి.