చీటీ చేతికివ్వకుండానే ఓటుకు రుజువు

మన పోలింగ్ కేంద్రాల్లో వీవీప్యాట్ ముద్రించే చీటీ గాజు కిటికీ వెనుక 7 సెకన్లు కనిపించి పెట్టెలోకి జారిపోతుంది. ఆ చీటీని ఓటరు చేతికిచ్చి, తానే బ్యాలెట్ పెట్టెలో వేసేలా చూడాలన్న అభ్యర్థనను సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్ 26న తోసిపుచ్చింది. దుర్వినియోగానికీ వివాదాలకూ దారితీస్తుందన్నది న్యాయస్థానం చెప్పిన కారణం. ఇక దాన్ని ఇంటికి తీసుకెళ్లనిస్తే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు: ఓటుకు నోటు పంచినవాడు మర్నాడు పొద్దున్నే వచ్చి చీటీ చూపించమంటాడు. తన ఓటు సరిగా లెక్కకెక్కిందని ఓటరుకు రుజువు దొరకాలి, ఆ రుజువు మరొకరికి చూపించడానికి పనికిరాకూడదు. ఈ రెండు కత్తులను ఒకే ఒరలో ఇమిడ్చేందుకు క్రిప్టోగ్రఫీ (సమాచారాన్ని రహస్య సంకేతాల్లోకి మార్చే శాస్త్రం) నిపుణులు నలభై ఏళ్లకు పైగా శ్రమిస్తున్నారు.

దారి చూపినవాడు అమెరికన్ పరిశోధకుడు డేవిడ్ చౌమ్. పంపినవారెవరో తెలియని ఈమెయిల్ కోసం 1981లో ఆయన ప్రతిపాదించిన పద్ధతిలో, గుప్తీకరించిన సందేశాలను కొన్ని సర్వర్లు ఒకదాని తర్వాత ఒకటి అందుకొని, గుప్తీకరణలో ఒక్కో పొర ఒలిచి, వరుస కలగాపులగం చేసి ముందుకు పంపుతాయి. వాటిలో ఒక్కటి నిజాయితీగా ఉన్నా ఏ సందేశం ఎవరిదో తేలదు; సందేశం బదులు ఓటు పెడితే, ఏ ఓటు ఎవరిదో తేలదు. 1985లో జోష్ కోహెన్ (తర్వాతి కాలంలో బెనలో), మైకేల్ ఫిషర్ మరో తోవ తొక్కారు. ఒక్క ఓటునూ విప్పకుండా, గుప్తరూపంలోనే అన్నిటినీ కలిపి, చివరికి మొత్తాన్ని మాత్రమే విప్పవచ్చన్నది వారి ఆలోచన. అలాగైతే ఎవరైనా గుప్తంగా 1 బదులు 100 వేస్తే? ఆ సందేహానికి జవాబు, లోపలి అంకె ఏదో బయటపెట్టకుండానే అది 0 గానీ 1 గానీ అయివుంటుందని నిరూపించే శూన్యజ్ఞాన రుజువులు.

అయినా చీటీ సమస్య తీరలేదు. ఓటును గుప్తీకరించేటప్పుడు అందులో కలిపే యాదృచ్ఛిక సంఖ్యను ఓటరు దాచుకుంటే, దానితో మళ్లీ గుప్తీకరించి తన ఎంపికను రుజువు చేసి ఓటు అమ్ముకోవచ్చు. ఈ చిక్కును బెనలో, డ్వైట్ టూయిన్‌స్ట్రా 1994లో స్పష్టంగా ఎత్తిచూపి, ఓటరు కోరుకున్నా తన ఎంపికను నిరూపించలేని ఏర్పాటు ఉండాలన్నారు. నా దృష్టిలో ఈ చరిత్రలో అసలు మలుపు ఇదే, ఎందుకంటే అంతవరకూ అనుమానం ప్రధానంగా అధికారుల మీద ఉండేది, ఓటు అమ్ముకోదలచిన ఓటరు మీద కాదు. 2009 నవంబరులో అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రం టకోమా పార్క్ పురపాలక ఎన్నికల్లో వాడిన స్కాంటెగ్రిటీ పద్ధతి ఈ షరతుకు తగినదే: ప్రత్యేకమైన పెన్నుతో గుర్తు పెట్టగానే అదృశ్య సిరాలో ఉన్న సంకేతం పైకి తేలుతుంది, దాన్ని రాసుకున్న ఓటరు తర్వాత వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు, కానీ ఆ సంకేతం ఏ అభ్యర్థిదో బయటివారికి బోధపడదు.

గణితం సరైనదైనా అమలులో తప్పు దొర్లవచ్చని స్విట్జర్లాండ్ నేర్చుకుంది. 2019లో ఆ దేశ తపాలా సంస్థ స్విస్ పోస్ట్ తన ఆన్‌లైన్ ఓటింగ్ సోర్స్ కోడ్‌ను బయటపెట్టగా, పరిశోధకులు సారా జేమీ లూయిస్, ఒలివియె పెరేరా, వెనెస్సా టీగ్ అందులో దొడ్డిదారిని కనిపెట్టారు. ఓట్ల వరుసను నిజాయితీగానే కలగాపులగం చేశామని చెప్పే రుజువులోని కొన్ని సంఖ్యలు ఎలా వచ్చాయో సరిచూసే వీలు లేదు. ఆ సంఖ్యల గుట్టు తెలిసిన లోపలివారు ఓట్లను మార్చి కూడా తనిఖీలో నెగ్గే రుజువును తయారుచేయగలరు. కోడ్ గోప్యంగా ఉండివుంటే ఆ ముగ్గురికీ అది కంటపడే అవకాశమే ఉండేది కాదు.

ఓట్లను విప్పే రహస్య తాళంచెవిని ఒక్కరి దగ్గరే ఉంచకుండా పలువురు ధర్మకర్తలకు భాగాలుగా పంచడం ఈ రంగంలో చాలాకాలంగా ఉన్న జాగ్రత్త. అదే ఒక్కోసారి మెడకు చుట్టుకుంటుంది. ప్రపంచ క్రిప్టోగ్రఫీ పరిశోధకుల సంఘమైన ఐఏసీఆర్ 2010 నుంచీ తన ఎన్నికలను హీలియోస్ అనే ఆన్‌లైన్ ఓటింగ్ వ్యవస్థ మీద నడుపుతోంది. 2025లో ముగ్గురు ధర్మకర్తల్లో ఒకరు తన భాగం తాళంచెవిని పోగొట్టుకున్నారు. ముగ్గురి భాగాలూ తప్పనిసరి కావడంతో పోలైన ఓట్లను విప్పే మార్గమే లేకపోయింది. ముగ్గురిలో ఇద్దరు చాలునని నిబంధన మార్చి, సంఘం పోలింగ్‌ను మళ్లీ జరపాల్సివచ్చింది.