పిలకతో వచ్చే జబ్బు, సీసాలో మొలిచిన చామంతి

విజయదశమి తర్వాతి మంగళవారం విజయనగరంలో సిరిమాను ఊరేగే వేళకు చామంతి గిరాకీ మీద ఉంటుంది. కార్తికం వెళ్లేదాకా అదే తీరు. పూల కాలం ముగిశాక రైతు మొక్కలను కోసి, మొదలు దగ్గర వచ్చిన పిలకలను పైఏటికి దాచుకుంటాడు. ఖర్చు లేని పద్ధతి. అయితే పిలక తల్లి రంగునూ రూపాన్నీ తెచ్చినట్టే తల్లిలోని వైరస్‌నూ తెస్తుంది. దాన్ని ఏ మందు చల్లీ వదిలించలేం. ఏటేటా పువ్వు చిన్నబోతుంటే నేలదే లోపమనుకుంటాం. ఢిల్లీ కనకాంబరానిదీ ఇదే చిక్కు. అది విత్తనం కట్టదు, కొమ్మ ముక్కలే దిక్కు.

ఈ చిక్కుకు దారి టిష్యూ కల్చర్, అంటే మొక్క నుంచి తీసిన చిన్న ముక్కను సీసాలో పోషకాలిచ్చి మొక్కగా పెంచడం. ఆ దారి దొరకడానికి అర్ధ శతాబ్దం పట్టింది. ఒక్క కణం నుంచి పూర్తి మొక్కను పెంచవచ్చని 1902లో ఆస్ట్రియా శాస్త్రవేత్త హాబర్లాంట్ ఊహించారు. ఆయన పోషక ద్రవంలో ఉంచిన కణాలు బతికాయి, కాస్త పెరిగాయి, కానీ ఒక్కటీ విభజన చెందలేదు. కణాలను విభజింపజేసే హార్మోన్లు అప్పటికి ఎవరికీ తెలియవు. ఊహ సరైనదే, చేతిలో పనిముట్టు లేదు.

అసలు మలుపు ఒక పూలమొక్క దగ్గరే వచ్చింది. 1952లో ఫ్రాన్స్‌లో మోరెల్, మార్టిన్ వైరస్ పట్టిన డాలియా చిగురు కొసను మిల్లీమీటరులో కొద్ది భాగమంత కోసి పెంచారు. ఆ కొసలో కణాలు వేగంగా విభజన చెందుతాయి, రసం మోసే నాళాలు ఇంకా ఏర్పడవు. అందుకే వైరస్ అక్కడిదాకా సాధారణంగా చేరదు. పుట్టిన చిగుళ్లు వేరు పోయలేదు. వాటిని విత్తనపు మొక్కలకు అంటుకట్టి బతికించారు. జబ్బు మొక్క నుంచే జబ్బు లేని మొక్క! నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో దీన్ని మించిన ఘట్టం లేదు.

తర్వాత పని వేగం పుంజుకుంది. ఆక్సిన్ అనే హార్మోను వంతు ఎక్కువైతే వేళ్లు, సైటోకైనిన్ అనే హార్మోను వంతు ఎక్కువైతే చిగుళ్లు వస్తాయని 1957లో స్కూగ్, మిల్లర్ తేల్చారు. 1962లో మురాషిగె, స్కూగ్ పొగాకు కణజాలం కోసం కూర్చిన పోషక మిశ్రమమే నేటికీ ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడుకలో ఉంది. 1964లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో శిప్రా గుహ, ఎస్.సి. మహేశ్వరి ఉమ్మెత్త పరాగకోశాల (పువ్వులో పుప్పొడి ఉండే సంచుల) నుంచి మొక్కలు పుట్టించారు. మన కంచెల పక్కన పట్టించుకోకుండా వదిలేసే ఉమ్మెత్తతో ప్రపంచం తిరిగి చూసిన పని అది.

టిష్యూ కల్చర్ మొక్కలకు వైరస్ పరీక్ష, తల్లి మొక్కతో జన్యు సామ్యం చూసి ధ్రువపత్రమిచ్చే ఏర్పాటు మన దేశంలో 2006లో వచ్చింది. ఆ పత్రం అడిగి మొక్క కొనడం ప్రతి పూల రైతుకూ అలవాటు కావాలి. తల్లి మొక్కలో వైరస్ ఉండగా పరీక్ష లేకుండా సీసాల్లో పెంచితే, ఒక జబ్బు వేల మొక్కలవుతుంది.

మన తీరానికి మరో బెంగ కూడా ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను. రెండూ సరిగ్గా చామంతి పూల వేళకే విరుచుకుపడ్డాయి. చేను నీట మునిగి కుళ్లితే ఆ ఏటి పువ్వుతో పాటు పైఏటి పిలకా పోతుంది. అప్పుడు దూరప్రాంతం నుంచి, ఏ చరిత్ర ఉందో తెలియని నారు కొనాల్సివస్తుంది.

ప్రయోగశాల ఇక్కడే ఉండాలని నేను అనను. సీసా నుంచి తీసిన మొక్క ఆకుకు మైనపు పూత పలచన, పత్రరంధ్రాలు సరిగా మూసుకోవు. ఎండ సోకితే గంటల్లో వాడుతుంది. కొన్ని వారాలు తేమలో, నీడలో ఉంచి గట్టిపరచాలి. ఆ నీడపందిళ్లు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనే ఉంటే నారు ఇక్కడి గాలికే అలవాటుపడి చేనుకు చేరుతుంది. ఒక్క సంగతి మాత్రం రైతుకు ముందే చెప్పాలి. ఈ మొక్కలో వైరస్ లేదు, అంతేకాని వైరస్‌ను తట్టుకునే కొత్త శక్తి ఏదీ దీనికి రాలేదు. పక్క మడిలో పాత పిలకలుంటే పేనుబంక ఆ జబ్బును తిరిగి మోసుకొస్తుంది.