మీటల కింద దీపం

కోనసీమ

చిన్నోడికి, బుజ్జమ్మకి తాతయ్య ఆశీస్సులు.

సంక్రాంతికి వచ్చినప్పుడు మండువాలో కూర్చుని లాప్‌టాప్ తెరిచి, "తాతయ్యా, కీబోర్డు లైట్లు పోయాయి, పాడైపోయింది" అని ఒకటే టెన్షన్ పడ్డారు, గుర్తుందా? దాన్నే చీకటిగా ఉండే సామాన్ల గదిలోకి తీసుకెళ్తే మీటలన్నీ వెలిగాయి. మీరు అరిసెల గిన్నె మీద పడ్డారు గానీ, ఎందుకు వెలిగాయని ఒక్కరూ అడగలేదు.

అలా వెలిగే లాప్‌టాప్‌లో చిన్న వెలుతురు కన్ను ఉంటుంది. చాలావాటిలో తెర పైన కెమెరా పక్కనే దాగి ఉంటుంది. ఆపిల్ వాళ్ళు 2003లో తెచ్చిన 17 అంగుళాల పవర్‌బుక్‌లో అయితే స్పీకర్ జాలీల కింద పెట్టారు. అది ఫొటోలు తీయదు, కంగారు పడకండి. దాని మీద వెలుతురు పడితే రవ్వంత కరెంటు పుడుతుంది. వెలుతురు ఎంత ఎక్కువైతే కరెంటు అంత ఎక్కువ. దాన్ని ఒక చిప్పు అంకెగా మార్చి కంప్యూటర్‌కి చెబుతుంది. ఆ అంకె కొలత పేరు లక్స్.

మిట్టమధ్యాహ్నం ఎండలో సుమారు 1,00,000 లక్సులు ఉంటాయి. ట్యూబ్‌లైటు వేసిన గదిలో వందల్లోనే. పున్నమి వెన్నెల ఒక్క లక్స్ కూడా ఉండదు! ఆ వెన్నెల్లోనే డాబా మీద చాప పరిచి అన్నాలు తిన్నాం కదా. మన కన్ను ఎలా కావాలంటే అలా సర్దుకుంటుంది, అందుకే అంత తేడా ఉందని మనకి తెలీదు.

తెర సంగతి వేరు. ఎండ ఎక్కువైతే అది ఇంకా వెలగాలి, లేకపోతే ఏమీ కనబడదు. మీటలకు ఆ అవసరం లేదు. వెలుతురులో అక్షరాలు ఎలాగూ కనిపిస్తాయి, లైటు వేసినా తెలీదు, ఊరికే బ్యాటరీ ఖర్చు. అందుకే మండువాలో ఆరిపోయాయి.

నాకు బాగా నచ్చిందొకటుంది. వీధి అరుగు మీద కూర్చుంటే గాలికి కొబ్బరాకుల నీడ ఊగుతూనే ఉంటుంది. ఆ నీడ వచ్చి పోయినప్పుడల్లా మీటలు వెలిగి ఆరితే చిరాకు కాదూ? మన ట్యాంకు మోటారు చూడండి. నీళ్ళు బాగా అడుక్కి వస్తేనే ఆన్ అవుతుంది, నిండితేనే ఆగుతుంది. రెండూ ఒకే గీత దగ్గరైతే చెంబుడు నీళ్ళు వాడినప్పుడల్లా గుర్రుమంటుంది. లాప్‌టాప్‌దీ అదే తెలివి: 20 లక్సుల కిందికి తగ్గితే వెలిగించు, 40 దాటితేనే ఆర్పు అన్నట్టు రెండు గీతలు. పైగా మారిన వెలుతురు కాసేపు నిలిచిందో లేదో చూసి గానీ కదలదు.

ఈ కన్ను అన్ని లాప్‌టాప్‌లకీ ఉండదు. కొన్నిటికి మీట నొక్కి మనమే వెలిగించుకోవాలి. మీదానికి ఉంది కాబట్టి, ఇంట్లో ఓ మోస్తరు వెలుతురులో కెమెరా చుట్టుపక్కల బొటనవేలు ఆనించి కాసేపు ఆగండి. ఎక్కడ మూస్తే మీటలు వెలిగాయో నాకు రాయండి.

అమ్మమ్మ సున్నుండలు పంపిస్తోంది. ఆ చేతులతో కీబోర్డు ముట్టుకోకండి.

మీ తాతయ్య