గజ్జల్లో హెర్నియా: అపోహలు - వాస్తవాలు

హెర్నియా అంటే కండరంలో పడిన కంత గుండా పేగు లాంటివి బయటికి ఉబ్బడం.

అపోహ: స్కాన్ తీస్తే తప్ప హెర్నియా తేలదు.

చాలామందికి చేతి పరీక్షతోనే తేలిపోతుంది. మనిషిని నిలబెట్టి, గజ్జ మీద వేళ్లుంచి దగ్గమంటే ఉబ్బు తగులుతుంది. పడుకుంటే లోపలికి పోతుంది. పడుకోబెట్టి మాత్రమే చూస్తే చిన్న హెర్నియా దొరకదు. పొద్దున కనపడనిది రోజంతా నిలబడ్డాక సాయంత్రానికి బయటపడుతుంది కాబట్టి, కనిపించినప్పుడే ఫోన్‌లో ఫొటో తీసి ఉంచండి. డాక్టరుకు అది చాలా పనికొస్తుంది.

నొప్పి ఉండి ఉబ్బు దొరకనప్పుడు అల్ట్రాసౌండ్ చేయించాలి, అదీ ముక్కమని చెప్పి చూడాలి. ఉబ్బు లేకుండా రిపోర్టులో 'చిన్న హెర్నియా' అని రాగానే ఆపరేషన్‌కు పరుగెత్తకండి. తుంటి కీలు అరిగినా, తొడ కండరం పట్టేసినా నొప్పి గజ్జల్లోనే వస్తుంది.

అపోహ: వృషణాల సంచి వాస్తే అది వరిబీజమే (వృషణం చుట్టూ నీరు చేరడమే).

వరిబీజం కూడా తెచ్చే బోదకాలు ఎక్కువగా కనిపించిన కోస్తా జిల్లాల్లో ఈ పొరపాటు సహజం. పేగు సంచిలోకి దిగినా అలాగే ఉంటుంది. వాపు పైభాగాన్ని రెండు వేళ్లతో పట్టుకోగలిగితే వరిబీజం కావచ్చు. వాపు గజ్జలోకి సాగిపోయి పైఅంచు దొరకకపోతే హెర్నియా. టార్చి వేస్తే నీరు వెలుగుతుంది, కానీ పసిపిల్లల్లో పేగు కూడా వెలుగుతుంది, ఆ ఒక్కదాన్నే నమ్మకూడదు. ఇది తేలకుండా నీరు తీస్తామని సూది గుచ్చనివ్వకండి, పేగుకు చిల్లు పడుతుంది.

అపోహ: హెర్నియా అన్నాక వెంటనే కోయించాలి.

ఇబ్బంది పెట్టని, తేలిగ్గా లోపలికి పోయే హెర్నియా ఉన్న మగవాళ్లు కొన్నాళ్లు ఆగవచ్చు. అలా ఆగినవాళ్లను గమనించిన అమెరికా అధ్యయనంలో పేగు బిగుసుకుపోవడం ఏడాదికి వెయ్యి మందిలో ఇద్దరికి లోపే జరిగింది. అయితే పదేళ్లు తిరిగేసరికి దాదాపు మూడింట రెండు వంతుల మంది ఆపరేషన్ చేయించుకున్నారు, ముఖ్యంగా నొప్పి పెరగడం వల్ల. అంటే ఆగడం ప్రమాదం కాదు, తప్పించుకోవడమూ కాదు.

ఈ వెసులుబాటు ఆడవాళ్లకు, పసిపిల్లలకు లేదు. ఆడవాళ్లలో గజ్జ ఉబ్బు తొడ హెర్నియా (గజ్జ మడతకు కాస్త కింద, తొడ మొదట్లో వచ్చేది) అయ్యే అవకాశం మగవాళ్లలో కంటే ఎక్కువ, అది త్వరగా బిగుసుకుంటుంది. పసిపిల్లల్లో బొడ్డు హెర్నియా చాలావరకు దానంతట అదే మూసుకుపోతుంది, గజ్జలది మూసుకోదు. వాళ్లకు ఆపరేషన్‌లో పేగు దిగే పొర సంచిని కట్టేస్తే చాలు, మెష్ (కంతకు అడ్డంగా వేసే వల) అక్కర్లేదు.

అపోహ: బెల్టు, పసరు కట్టు, ఇంజెక్షన్‌తో తగ్గిపోతుంది.

కండరంలో పడిన కంతను మందు పూడ్చదు. ఆపరేషన్ చేయించుకోలేనివాళ్లకు బెల్టు ఊరటనిస్తుంది, కానీ పడుకుని ఉబ్బును లోపలికి పంపాకే కట్టుకోవాలి. ఉబ్బు మీదే బిగిస్తే పేగును నలిపినట్టే.

అపోహ: మెష్ వేస్తే ఎప్పటికైనా ప్రమాదమే.

పెద్దవాళ్లలో మెష్ వేస్తే హెర్నియా తిరిగి వచ్చే అవకాశం తగ్గుతుంది. లాపరోస్కోపీలో (పెద్ద కోత లేకుండా చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చేసే ఆపరేషన్‌లో) సాధారణంగా 10×15 సెం.మీ. మెష్ వాడతారు. అంతకంటే చిన్నది వేస్తే అంచు నుంచి హెర్నియా మళ్లీ జారవచ్చు. అసలు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: ఆపరేషన్ తర్వాత దాదాపు పది మందిలో ఒకరికి నెలల తరబడి ఎంతో కొంత నొప్పి మిగులుతుంది. దీని గురించి ముందే మాట్లాడని సర్జన్‌ను మీరే అడగండి. రెండు పక్కలా ఉన్నా, ఓపెన్ ఆపరేషన్ తర్వాత తిరగబెట్టినా లాపరోస్కోపీ మేలు. మత్తు ఇవ్వడం కష్టమైన వయసు మళ్లినవాళ్లకు, గుండె జబ్బువాళ్లకు ఆ చోట మాత్రమే మొద్దుబార్చి ఓపెన్‌గా చేయవచ్చు.

అపోహ: ఆపరేషన్ అయ్యాక మూడు నెలలు మంచం దిగకూడదు.

అదే రోజు నడవాలి. నొప్పి ఓర్చుకోగలిగినంత మేర మామూలు పనులు వారంలోపే మొదలుపెట్టవచ్చు. బస్తాలు మోయడం లాంటివి నాలుగు నుంచి ఆరు వారాలు ఆపండి. మలబద్ధకం, దగ్గు, ప్రొస్టేట్ వల్ల ముక్కి మూత్రం పోయడం ఉంటే వాటికి ముందే వైద్యం చేయించాలి. అదే చోట మళ్లీ ఉబ్బు కనిపిస్తే చాలామంది తిరగబెట్టిందని బెంబేలెత్తిపోతారు. తరచుగా అది నీరు చేరడమే, కొన్ని వారాల్లో ఇంకుతుంది.

ఆగకూడనిది ఒకటుంది: ఉబ్బు గట్టిపడి, లోపలికి పోకుండా, నొప్పితో పాటు వాంతులు, గ్యాసు బంద్ కావడం, చర్మం ఎర్రబడడం. బలవంతంగా నొక్కకండి, ఏమీ తినకుండా, తాగకుండా అర్ధరాత్రయినా సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. రక్తం అందని పేగు గంటల్లోనే కుళ్లిపోతుంది.