సిగరెట్ మానేసిన పదహారో ఏట స్కాన్ ఎందుకు ఆగిపోతుంది?

సిగరెట్ మానేసి 15 ఏళ్లు దాటినవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ స్క్రీనింగ్ (లక్షణాలు కనబడకముందే చేసే స్కాన్) అక్కర్లేదా? అమెరికాలో ఈ పేచీ మళ్లీ రాజుకుంది. పొగాకుకూ క్యాన్సర్‌కూ లంకె ఎలా తేలిందో అందరికీ తెలిసిన కథే. ఇప్పటి తగాదా మూలం 2002లో ఉంది.

ఆ ఏడాది అక్కడ నేషనల్ లంగ్ స్క్రీనింగ్ ట్రయల్ మొదలైంది. 53 వేల మందికి పైగా చేరారు. సగం మందికి తక్కువ రేడియేషన్‌తో సీటీ స్కాన్, మిగతావారికి ఛాతీ ఎక్స్‌రే, ఏటా ఒకటి చొప్పున మూడుసార్లు తీశారు. కొన్నేళ్లలోనే తేడా తేలాలంటే జబ్బు ముప్పు బాగా ఉన్నవాళ్లే కావాలి. అందుకే 55-74 ఏళ్ల వయసుండాలి, రోజుకో ప్యాకెట్ చొప్పున 30 ఏళ్లు (రెండైతే 15 ఏళ్లు) కాల్చి ఉండాలి, మానేస్తే 15 ఏళ్లు దాటకూడదు అన్నారు. పరిశోధన అవసరం కోసం గీసిన గీత అది. 2011లో ఫలితాలొచ్చాయి: సీటీ తీయించుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 20 శాతం తక్కువ. 2013లో ఏ ముందస్తు పరీక్షలు మేలో చెప్పే నిపుణుల బృందం ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ ఈ స్కాన్‌ను సిఫార్సు చేసినప్పుడు, పై వయసు 80కి పెంచి, మిగతా గీతను అలాగే ఉంచేసింది.

ఆ గీత ఎవరిని బయట పెట్టిందో 2019లో తేలింది. దక్షిణ రాష్ట్రాల్లో చేసిన ఒక అధ్యయనంలో, క్యాన్సర్ బయటపడిన పొగతాగేవారిలో శ్వేతజాతివారు 56 శాతం స్కాన్‌కు అర్హులైతే, నల్లజాతివారు 32 శాతమే. రోజుకు కాల్చే సిగరెట్లు తక్కువైనా వీరికి జబ్బు చిన్న వయసులోనే వస్తోంది. 2021లో టాస్క్‌ఫోర్స్ కనీస వయసును 50కి, ప్యాకెట్ లెక్కను 20 ఏళ్లకు దించింది. 15 ఏళ్ల షరతు మాత్రం కదల్లేదు.

2023 నవంబర్‌లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ తన మార్గదర్శకాల్లోంచి దాన్ని తీసేసింది. మానేస్తే ముప్పు తగ్గుతుంది, నిజమే. కానీ కాల్చనివారి స్థాయికి దిగదు, పైగా వయసుతో పాటు పెరుగుతూనే ఉంటుంది. బుద్ధిగా మానేసినవారికే తలుపు మూయడం ఏం లెక్క?

షరతు ఉండాలనేవారి భయం అనవసర పరీక్షల గురించి. ఆ ట్రయల్‌లోనే అనుమానంగా కనబడిన స్కాన్‌లలో 96 శాతం క్యాన్సర్ కాదని తేలాయి. ఈలోగా బయాప్సీలు (చిన్న ముక్క తీసి చేసే పరీక్షలు), టెన్షన్.

తైవాన్ 2022లో వేరే దారి పట్టింది: కుటుంబంలో ఈ క్యాన్సర్ ఉంటే అసలు పొగే తాగనివారికీ స్కాన్ చేస్తోంది. అమెరికాలో మాత్రం చట్టం ప్రకారం బీమా సంస్థలు కట్టుబడాల్సింది టాస్క్‌ఫోర్స్ మాటకే, సొసైటీ మాటకు కాదు. మానేసి పదహారేళ్లయినవారికి ఉచిత స్కాన్ హక్కు ఇంకా రాలేదు.