మంచు మీద చేపల వేటకు ఫ్లాషర్ ఎంపిక: అపోహలు - వాస్తవాలు

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో సరస్సులు గడ్డకట్టడం మొదలవగానే మా దుకాణానికి వచ్చేవారు అడిగే ప్రశ్న ఒకటే: "నమ్మదగిన ఫ్లాషర్ ఏది?" ఫ్లాషర్ అంటే మంచు కింది నీటి లోతునూ చేపలనూ ధ్వనితో పసిగట్టి, వెలుగు గీతలుగా చూపే సోనార్ పరికరం. వారికి కావలసింది ఒక కంపెనీ పేరు. నేను ముందు రెండు విషయాలు తెలుసుకుంటాను. ఏ సరస్సు మీద కూర్చుంటారు? ఎంత చలిలో కూర్చుంటారు? సోనార్ పరికరాలు అమ్మడం, బాగుచేయడం నా వృత్తి. చెడిపోయిందంటూ నా బల్ల మీదికి వచ్చే ఫ్లాషర్లలో చాలావాటికి లోపల ఏ దోషమూ ఉండదు. లోపం బ్యాటరీలోనో, కేబుల్‌లోనో, ధ్వని పంపి పట్టుకునే, ఆ సరస్సుకు పొసగని ట్రాన్స్‌డ్యూసర్‌లోనో ఉంటుంది.

ఉద్యోగాల కోసం ఈ రాష్ట్రానికి వచ్చిన తెలుగువారు కూడా ఇప్పుడు చలికాలంలో గాలాలు పట్టుకుని సరస్సుల మీదికి వస్తున్నారు. వారి కోసం ఫ్లాషర్ పనితీరు క్లుప్తంగా చెబుతాను. బరమాతో మంచులో రంధ్రం తొలిచి, ట్రాన్స్‌డ్యూసర్‌ను నీటిలోకి దించుతాం. అది కిందికి ధ్వని తరంగాలు పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని పట్టుకుంటుంది. గుండ్రటి ముఖఫలకం మీద లోతు అంకెలు ఉంటాయి. ఏ లోతు నుంచి ప్రతిధ్వని వస్తే ఆ అంకె దగ్గర వెలుగు గీత కనిపిస్తుంది. మిన్నెసోటాలో అందరికీ తెలిసిన వెక్సిలార్ కంపెనీ పద్ధతిలో ఎరుపు బలమైన ప్రతిధ్వని, నారింజ మధ్యస్థం, ఆకుపచ్చ బలహీనం. సరస్సు నేల, చేప, మన గాలం మూడూ ఒకేసారి కనిపిస్తాయి.

అపోహ: వాట్లు ఎంత ఎక్కువైతే ఫ్లాషర్ అంత మంచిది.

మిల్ లాక్స్ ఎంతో పెద్ద సరస్సు, అయినా దాని గరిష్ఠ లోతు 42 అడుగులే. అప్పర్ రెడ్ లేక్‌లో చాలామంది గాలం వేసేది 15 అడుగుల లోపు నీటిలో. అంత తక్కువ లోతులో శక్తి మరీ ఎక్కువైతే ధ్వని నేలకూ మంచుకూ మధ్య పదేపదే కొట్టుకుని ఫలకమంతా ఎర్రబడుతుంది. నీటి మొక్కల మధ్యనైతే చేప ఏదో ఆకు ఏదో తెలియదు. అందుకే తక్కువ శక్తితో పనిచేసే అమరిక ఉందా అని చూడండి. కెనడా సరిహద్దులోని సాగనాగా వంటి చోట్ల 100 అడుగులు దాటిన నీటిలో లేక్ ట్రౌట్ చేపలు పట్టేవారికే అదనపు శక్తి అక్కరకు వస్తుంది.

పెట్టె మీద వాట్ల కన్నా నేను ముందు చూసేది, దగ్గర దగ్గరగా ఉన్న రెండు వస్తువులను ఫ్లాషర్ ఎంతవరకు విడదీసి చూపగలదన్నది. గడ్డకట్టే చలిలో మంచినీటిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1,400 మీటర్లు. ఒక్కో ధ్వని తునక సెకనులో 20 వేలవ వంతు సేపు సాగితే నీటిలో దాని పొడవు 7 సెంటీమీటర్లు. అప్పుడు మూడున్నర సెంటీమీటర్ల కన్నా దగ్గరగా ఉన్న రెండు వస్తువులు ఒకే గీతగా కలిసిపోతాయి. ఎర దగ్గరికి మూతి చాచిన క్రాపీ చేపను గుర్తించాలంటే ధ్వని తునక ఎంత పొట్టిగా ఉంటే అంత మేలు.

అపోహ: వెడల్పు కోణం ఎక్కువ చూపిస్తుంది కాబట్టి అదే కొనాలి.

ఎక్కువ చూపించే మాట నిజమే. ధ్వని 20 డిగ్రీల కోణంలో విచ్చుకునే ట్రాన్స్‌డ్యూసర్ 20 అడుగుల లోతులో సుమారు 7 అడుగుల వెడల్పు వలయాన్ని చూస్తుంది. 9 డిగ్రీలది 3 అడుగులే. లోతు తక్కువ నీటిలో పెర్చ్ చేపల గుంపు కోసం వెతికేవారికి వెడల్పు కోణం చాలా ఉపయోగం.

చిక్కు నేల వాలుగా ఉన్నచోట వస్తుంది. ఫ్లాషర్‌కు దూరమే తెలుసు, దిక్కు తెలియదు. వాలులో ఎత్తుగా ఉన్న వైపు నేల నుంచి ప్రతిధ్వని ముందుగా తిరిగొస్తుంది. నేల అక్కడే మొదలైనట్టు చూపించి, దాని కింద ఉన్నదంతా ఆ ఎర్రటి పట్టీలో కలిపేస్తుంది. 40 అడుగుల నీటిలో, నాలుగు అడుగులకు ఒక అడుగు వాలే నేల మీద, 20 డిగ్రీల కోణంతో మీ రంధ్రానికి సరిగ్గా కింద ఉన్న చివరి అడుగు నీరు కనిపించదు. 9 డిగ్రీలతో ఆ కనిపించని భాగం 8 అంగుళాలకు తగ్గుతుంది. వాలై చేప తిరిగేది సరిగ్గా ఆ నేలను ఆనుకునే! కాబట్టి మిట్టల అంచుల్లో, వాలుల్లో వాలై కోసం కూర్చునేవారు ఇరుకు కోణం తీసుకోండి, లేదా కోణం మార్చుకునే వీలున్న ట్రాన్స్‌డ్యూసర్ కొనండి.

కోణం ఏదైనా ట్రాన్స్‌డ్యూసర్ నిటారుగా వేలాడాలి. రంధ్రంలోని మంచు ముక్కలు తోడేసి, దాన్ని మంచు అడుగు అంచుకు కొంచెం కిందికి దించండి.

అపోహ: బ్యాటరీ ఏదైనా ఒకటే, 12 వోల్టులు ఉంటే చాలు.

నాకు అత్యంత బాధ కలిగించే అపోహ ఇదే. మంచి ఫ్లాషర్లను జనం పాడైపోయాయని వదిలించుకోవడానికి ముఖ్య కారణం ఇది. సీసపు ఆమ్ల బ్యాటరీ మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర తన సామర్థ్యంలో దాదాపు సగమే ఇస్తుంది. 7 ఆంపియర్ గంటలని రాసి ఉన్నా చలిలో అంత రాదు. వోల్టేజీ పడిపోగానే వెలుగు గీతలు వణుకుతాయి, ఫ్లాషర్ దానంతటది ఆగిపోతుంది, నింద యంత్రం మీద పడుతుంది. అంతకన్నా పెద్ద ముప్పు, ఖాళీ అయిన బ్యాటరీని రాత్రంతా ట్రక్కులో వదిలేయడం. నిండుగా ఛార్జి అయిన బ్యాటరీలోని ద్రావకం మైనస్ 50 డిగ్రీలలోనూ గడ్డకట్టదు. పూర్తిగా ఖాళీ అయినదైతే మామూలు మిన్నెసోటా రాత్రికే గడ్డకట్టి, లోపలి పలకలను చీల్చేస్తుంది. ఇంటికి రాగానే ఛార్జి పెట్టండి. వేసవిలో కూడా ఖాళీగా ఉంచకండి.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ మేలైనదే. అంతే సామర్థ్యానికి సగం బరువు కూడా ఉండదు, వోల్టేజీ చివరివరకు నిలకడగా ఉంటుంది. కానీ సున్నా డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లగా ఉన్నప్పుడు దాన్ని ఛార్జి చేస్తే లోపల లిథియం లోహం పేరుకుని, సామర్థ్యం శాశ్వతంగా పోతుంది. ఇంట్లోకి తెచ్చి, గది వేడికి వచ్చాకే ఛార్జి పెట్టాలి. దాని ఛార్జరు వేరు, పాత సీసపు బ్యాటరీ ఛార్జరు వాడకూడదు. ఇంకొక మాట. సీసపు బ్యాటరీ కోసం తయారైన ఫ్లాషర్ మీటరు లిథియంను చాలాసేపు నిండుగానే చూపించి, ఒక్కసారిగా ఖాళీ అంటుంది. ఆ మీటరును నమ్ముకుని దూరం వెళ్ళకండి.

అపోహ: తిరిగే చక్రం మీది దీపాలతో గీతలు చూపే ఫ్లాషర్ పాతకాలపుది, డిజిటల్ తెరే కొనాలి.

దీనికి ఎదురు అపోహ కూడా ఉంది: డిజిటల్ అంటే ఆలస్యం అని. రెండూ సగం సగం నిజాలే. ఇప్పటి మంచి డిజిటల్ ఫ్లాషర్లు గాలం కదలికను ఆలస్యం లేకుండా చూపిస్తాయి. అయితే తీవ్రమైన చలిలో ద్రవ స్ఫటిక తెర (ఎల్‌సీడీ) మందగిస్తుంది, గీతలు ఈడ్చుకుంటూ కదులుతాయి. తిరిగే చక్రం మీది చిన్న దీపాలకు ఆ బాధ లేదు. చక్రాన్ని తిప్పే మోటారు ఏళ్ళ తర్వాత అరగవచ్చు, కానీ మార్చుకోవచ్చు. గాలిలో ఆరుబయట కూర్చునేవారికి నేను చక్రమే ఇస్తాను. హీటరు ఉన్న గుడారంలో కూర్చునేవారు తమకు నచ్చినది తీసుకోవచ్చు. చేతి తొడుగులు తీయకుండా గెయిన్ మీట (ప్రతిధ్వనిని ఎంత పెంచి చూపాలో సరిచేసేది) తిప్పగలరా అని మాత్రం దుకాణంలోనే ప్రయత్నించి చూడండి.

అపోహ: లావైన ఎర్రగీత అంటే పెద్ద చేప.

ప్రతిధ్వనిలో ఎక్కువ భాగం చేప కడుపులోని గాలితిత్తి నుంచి వస్తుంది. చేప వలయం మధ్యలో ఉంటే చిన్నదైనా ఎర్రగా, అంచున ఉంటే పెద్దదైనా సన్నగా ఆకుపచ్చగా కనిపిస్తుంది. గెయిన్ పెంచితే చేపలు పెరగవు, గీతలు లావవుతాయి. మీ గాలం సన్నటి ఆకుపచ్చ గీతగా కనిపించేంతవరకే పెంచండి. అప్పుడు చేప దగ్గరికి వస్తున్నకొద్దీ రంగు మారడం స్పష్టంగా తెలుస్తుంది.

ఆ గాలితిత్తి గురించే మరొకటి చెప్పాలి. 30 అడుగుల కన్నా లోతు నుంచి పైకి లాగిన క్రాపీకి తిత్తి ఉబ్బిపోతుంది. వెనక్కి వదిలినా చాలావరకు బతకదు. లోతైన గుంటలో ఫ్లాషర్ నిండా క్రాపీలు కనిపిస్తే, ఇంటికి తీసుకెళ్ళదలచినన్ని పట్టి లేచిపోండి. పట్టి వదిలే సరదా అక్కడ వద్దు.

అపోహ: ఫ్లాషర్ ఉంటే మంచు మందం తెలిసిపోతుంది.

తెలియదు. ఫ్లాషర్ నీటి లోతు చెబుతుంది. మంచు బలం చెప్పే పరికరం గునపమే. నడవడానికి కనీసం 4 అంగుళాల కొత్త స్వచ్ఛమైన మంచు ఉండాలని మిన్నెసోటా సహజ వనరుల శాఖ చెబుతుంది. తెల్లటి మంచుకు బలం తక్కువ కాబట్టి రెట్టింపు మందం కావాలి. సరస్సంతా ఒకే మందం ఉండదు. మంచు చూడని ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళం మనం, అడుగడుగునా గునపంతో పొడిచి చూసుకుంటూ నడవడానికి సిగ్గుపడవద్దు.

అపోహ: లైవ్ సోనార్ వచ్చాక ఫ్లాషర్ పని అయిపోయింది.

నీటి లోపలిని ప్రత్యక్ష చిత్రంలా చూపే లైవ్ సోనార్ అయిన గార్మిన్ కంపెనీ లైవ్‌స్కోప్ 2018లో వచ్చింది. రంధ్రం చుట్టూ ఏ దిక్కున ఎంత దూరంలో చేప ఉందో చూపించడంలో దానికి సాటి లేదు. కానీ ధర చాలా ఎక్కువ, పెద్ద బ్యాటరీ కావాలి, మోయవలసిన సామాను పెరుగుతుంది. లైవ్ సోనార్‌తో చోటు వెతికి, ఫ్లాషర్ పెట్టుకుని పట్టేవారు చాలామందే ఉన్నారు. మొదటిసారి కొనేవారు ఫ్లాషర్‌తోనే మొదలుపెట్టండి.

అపోహ: పాతది కొంటే మోసపోతాం.

బాగా చూసుకున్న పాత ఫ్లాషర్ కొత్త చౌకరకం కన్నా ఎంతో నయం. కేబుల్‌ను మొత్తం విప్పి, ట్రాన్స్‌డ్యూసర్‌లోకీ ప్లగ్గులోకీ దూరే చోట్ల వంచి చూడండి. చలికి బిరుసెక్కిన తొడుగు ముందుగా పగిలేది అక్కడే. ట్రాన్స్‌డ్యూసర్ ముఖం మీద గీతలు ఉన్నా పరవాలేదు, పగులు ఉంటే వద్దు. బకెట్ నీళ్ళలో పెట్టి చూపిస్తే సరిపోయిందనుకోకండి. బకెట్‌లో ధ్వని గోడలకు కొట్టుకుని అంతా గీతలమయం అవుతుంది. పడవల రేవు చివర, కనీసం పది అడుగుల నీటిలో చిన్న గాలం దించి, నేల నుంచి ఒక్కో అంగుళం పైకి లేపుతూ, గాలం గీత నేల పట్టీ నుంచి ఎక్కడ విడివడుతుందో చూడండి. అమ్మే వ్యక్తి అందుకు ఒప్పుకోకపోతే డబ్బు ఇవ్వకండి. ఒప్పుకుని అన్నీ బాగున్నా, పాత బ్యాటరీని లెక్కలోకి తీసుకోకుండానే బేరం చేయండి, దాన్ని ఎలాగూ మార్చవలసిందే.